పాత గేటు లైను

ఫోన్‌లో నంబరు నొక్కాక మన చెవిలో మోగేది అవతలి ఫోన్ గంట కాదు. మధ్యలో ఉన్న ఎక్స్ఛేంజి పుట్టించే శబ్దం అది. అవతలి ఫోన్‌కు గంట మోగించే కరెంటును అటు పంపుతుంది, మనకు ఈ శబ్దాన్ని ఇటు పంపుతుంది. రెండూ ఒకేసారి మొదలవుతాయి కనుక ఒకటే అనుకుంటాం. అవతల ఫోన్ పగిలిపోయి ఉన్నా, ఆ గదికి తాళం వేసి ఉన్నా, మనకు మాత్రం అదే శబ్దం అంతే నిలకడగా వినిపిస్తూ ఉంటుంది. దాన్ని రింగ్ బ్యాక్ టోన్ అంటారు.

డిప్లొమా రెండో ఏడాదిలో చదువుకున్నాను. పరీక్షలో రెండు మార్కులకు వచ్చింది, రాశాను. తర్వాత ఉద్యోగంలో చేరి ఫ్యాక్టరీల్లో ఎంతోమందికి ఫోన్ల గురించి చెప్పాను గానీ ఈ ఒక్క సంగతీ ఎవరికీ చెప్పలేదు. వాళ్లకు అవసరం లేదనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. మేం గాజులరామారంలో ఉండేవాళ్లం. నాన్నగారు జీడిమెట్లలో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను పనిచేసే సంస్థలో ఉన్నది నలుగురమే. ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు లోపలి ఫోన్ల ఎక్స్ఛేంజీలు బిగించడం మా పని. గోడకు తగిలించే ఇనప పెట్టె ఒకటి. బయటి నుంచి దానిలోకి వచ్చే లైన్లు ఆరు, దానిలోంచి గదుల్లోకి పోయే లైన్లు నలభై ఎనిమిది. పెట్టె బిగించడం ఒక రోజు పని. మనుషులకు నేర్పడం వారం పని.

నేర్పడానికి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. కంపెనీ ఇచ్చే ఇంగ్లీషు పుస్తకం ఎవరూ తెరిచేవారు కాదు. అందుకని ఒక్కో మాటకు ఒక్కో వాక్యం తెలుగులో రాసుకున్నాను. ట్రంక్ లైను: వీధి గుమ్మం. ఎక్స్‌టెన్షన్: లోపలి గది. హోల్డ్: వచ్చిన మనిషిని అరుగు మీద కూర్చోబెట్టి మనం లోపలికి వెళ్లడం. ట్రాన్స్‌ఫర్: ఆ మనిషిని తీసుకెళ్లి వేరే గదిలో అప్పజెప్పడం. ఫాలో మీ: నేను ఏ గదిలో ఉంటే నా ఫోన్ ఆ గదిలో మోగడం. పికప్: ఎక్కడో మోగుతున్న ఫోన్‌ను మన బల్ల దగ్గరి నుంచే ఎత్తడం. డీఎన్‌డీ: అసలు మోగనివ్వకపోవడం. మేనేజర్లు అందరికంటే ముందు నేర్చుకునేది ఈ చివరిదే.

పనులకు ఇంకో జాబితా. పేజీకి ఎడమ పక్క అంకె, కుడి పక్క టిక్కు. ఒకటి అయ్యాకే రెండు. వరస తప్పితే ఏదో ఒకటి మిగిలిపోతుందని మా లెక్చరర్ చెప్పేవారు. నేనూ అలాగే నమ్మాను. పని మధ్యలో వేరే పని గుర్తొస్తే దాన్ని జాబితాలో కింద చేర్చేవాణ్ణి తప్ప ముందుకు తెచ్చేవాణ్ణి కాదు.

నేను చెప్పే ఫ్యాక్టరీ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, రోడ్డుకు బాగా లోపలికి ఉండేది. మందుల తయారీకి కావలసిన ముడి సరుకు చేసేవాళ్లు. ప్లాంటు కడిగిన నీళ్లన్నీ వెనక మూల భూమిలోకి కట్టిన ఒక గుంటలో చేరేవి. ఆ గుంట అడుగున పేరుకున్న బురదను నెలకొకసారి తీయాలి. తీయాలంటే మనిషి దిగాలి. పైన నాలుగు అడుగుల మూత, లోపల నిలువు మెట్లు, రెండు నిలువుల లోతు. బురద కదిపినప్పుడు అందులోంచి గాలి లేస్తుంది. ఒక్కోసారి మామూలు కుళ్లు వాసన, అంతే. ఒక్కోసారి ఆ గాలి నాలుగు ఊపిరుల్లో మనిషిని పడేస్తుంది. ఏ నెల ఏదో ముందుగా తెలియదు. ఆ ప్రాంతంలో వాసనను బట్టి పోల్చుకోవడం కూడా కుదరదు. జవహర్‌నగర్ చెత్త దిబ్బల వైపు నుంచి గాలి మళ్లిన రోజున అందరి ముక్కులూ ఒకటే.

అందుకని ఒక నియమం పెట్టారు. దిగేవాడు ఒకడు, పైన కాపలా ఒకడు. దిగినవాడి నడుముకు తాడు. పైవాడు ఎట్టి పరిస్థితిలోనూ దిగకూడదు. లోపలివాడు పలకకపోతే గుంట పక్కనే స్తంభానికి బిగించిన ఫోన్ ఎత్తి గేటుకు చెప్పాలి. విషగాలి సోకకుండా ముఖానికి వేసుకునే గాలి తొడుగు గేటు దగ్గరే ఉంటుంది. గేటువాళ్లు దాన్ని తెచ్చి, వేసుకుని దిగి మనిషిని లాగుతారు. ప్లాంటు పక్కన జనరేటర్ల హోరు. ఎంత అరిచినా గేటు దాకా వినిపించదు. అంటే లోపలివాడి ప్రాణం ఆ ఫోన్‌కు తగిలించి ఉన్నట్టే.

ఎక్స్ఛేంజి బిగించిన వారంలో ఆ ఫోన్ నేర్పడానికి వెళ్లాను. కాపలా ఉండేది అలియాబాద్ మనిషి, యాభై దాటిన పెద్దాయన. ఫ్యాక్టరీ కట్టినప్పుడు ఆయన చెలక అందులో పోయింది, బదులు ఉద్యోగం ఇచ్చారు. దిగేది ఆయన మేనల్లుడు. ముప్పై ఏళ్లుంటాయి, పెళ్లయి ఒక పాప.

"సారూ, నాకు సదువు రాదు. బస్సు గూడ రంగు జూసే ఎక్కుత. గీ గుండీలు నేనెట్ల నొక్కాలె?" అన్నాడు పెద్దాయన.

"మా మామను ఇంటిపేరడిగితెనే సోంచాయిస్తడు," అన్నాడు అల్లుడు, తాడు చుట్టుకుంటూ. "నువ్వు నంబరు నేర్పుతనంటున్నవ్."

"నీ యవ్వ, నువ్వు దిగురా ముందుగాల. బురదల నోరు మూస్కొని ఉంటవు."

నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. గేటు నంబరును మొదట 214 అని పెట్టాను. దాన్ని 258గా మార్చాను. ఫోన్ మీద నడిమి వరసలో అవి పై నుంచి కిందికి వరసగా ఉంటాయి. వేలు పైన పెట్టి కిందికి జారిస్తే చాలు.

"చూడు పెద్దయ్యా. నడుమ వరస. పైది, దాని కిందిది, దాని కిందిది."

"అంటే బాయిల దిగినట్టు."

"అంతే."

కళ్లు మూసుకుని ఐదుసార్లు నొక్కాడు. ఐదుసార్లూ గేటు గార్డే ఎత్తాడు. ఐదోసారి గార్డు తిట్టాడు. పెద్దాయన నవ్వి రిసీవర్ పెట్టేశాడు. అప్పుడు నేను ఇంకో మాట చెప్పాను. దాన్ని చెప్పినట్టే రాస్తాను.

"నొక్కాక ట్రింగ్ ట్రింగ్ అని వినిపిస్తే ఫోన్ పెట్టేయొద్దు పెద్దయ్యా. మధ్యలో పెట్టేస్తే తెగిపోతుంది. మోగుతోందంటే వాళ్లకు వినిపిస్తోందని అర్థం. ఎత్తుతారు."

"మోగుతాంటే ఆగాలె. గంతేనా?"

"అంతే."

నాలుగైదు నెలలు గడిచాయి. అల్లుడు దిగాడు, ఎక్కాడు. ఆ ఫోన్ అవసరం ఒక్కసారీ రాలేదు. నేను నెలకొకసారి వెళ్లి అన్ని లైన్లూ చూసి వచ్చేవాణ్ణి.

ఆ తర్వాత ఫ్యాక్టరీ ఓనరు ఒక సిద్ధాంతిని తీసుకొచ్చారు. పంపిన సరుకు తిరిగి వస్తోంది, యంత్రం ఒకటి మాటిమాటికీ ఆగిపోతోంది. సిద్ధాంతి రెండు రోజులు తిరిగి చూసి రెండు మాటలు చెప్పారు. ఒకటి, గేటు గది ఈశాన్యంలో ఉంది, అక్కడ బరువు ఉండకూడదు, ఆగ్నేయం వైపు జరపాలి. రెండు, ఫోన్ నంబర్లు ఓనరు జాతకానికి పడలేదు, అంకెలు కలిపితే తొమ్మిది రావాలి.

మేనేజర్ నన్ను పిలిపించారు. మా జిల్లా మనిషే, ఏలూరు వైపు ఆయన.

"ఏం బాబూ, అన్నీ తొమ్మిది చెయ్యగలవా?"

లెక్క వేసి చూశాను. రెండుతో మొదలయ్యే మూడంకెల నంబర్లలో తొమ్మిదికి దిగేవి పదకొండే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

"పదకొండు చాలు. నాకొకటి, ఓనరుగారికి రెండు, గేటుకొకటి. గేటు ముఖ్యమట. మిగతావాళ్ల జాతకాలు మనకెందుకు?"

గేటుకు 216 వచ్చింది. కొత్త గదికి కొత్త తీగ లాగాను. కొత్త ఫోన్‌కు 216 ఇచ్చాను. పాత గదిలోని పాత ఫోన్‌ను 258 మీదే ఉంచాను. దానికి కారణం ఆ పెద్దాయనే. గార్డులు కొత్త గదిలోకి మారేది సోమవారం అన్నారు. అప్పటిదాకా పాత నంబరే పని చెయ్యాలి. సోమవారం నేనే వెళ్లి పాత లైను తీసేసి, గుంట దగ్గరకు పోయి ఆయనకు కొత్త నంబరు నేర్పుతాను. నొక్కే దారి కూడా అనుకుని పెట్టుకున్నాను: పైన నడిమిది, దాని ఎడమది, రెండో వరసలో కుడి చివరది. ఆయనకు మాట కూడా పంపాను. పాత నంబరు సోమవారం దాకా ఉంటుంది, కంగారు పడొద్దని.

ఒక నంబరు పూర్తిగా తీసేస్తే, దాన్ని నొక్కినవాళ్లకు వెంటనే తేడాగా కూత వినిపిస్తుంది. తప్పు నంబరని ఎవరికైనా తెలిసిపోతుంది. తియ్యకుండా వదిలేస్తే మోగుతుంది. దయ తలచి వదిలేశాను.

గురువారం ఉదయం పది దాటాక నా స్కూటరు మీద వెళ్లాను. ఆ రోజు రావలసింది వేరే పని మీద. రిసెప్షన్‌లో టెలిఫోన్ ఆపరేటర్ ముందు ఒక పలక లాంటి యంత్రం ఉంటుంది. దాని మీద నలభై ఎనిమిది మీటలు, ఒక్కో మీట పక్కన ఒక చిన్న ఎర్ర దీపం. ఎవరైనా మాట్లాడుతుంటే దీపం నిలకడగా వెలుగుతుంది, మోగుతుంటే కొట్టుకుంటుంది. మీటల పక్కన కాగితపు చీటీల మీద గది పేర్లు, నంబర్లు. నంబర్లు మారాయి కనుక ఆ చీటీలన్నీ మార్చాలి.

వెళ్లేసరికి తూర్పు వైపున మామిడాకులు కనిపించాయి. సోమవారం తారాబలం లేదని ముహూర్తం గురువారానికి జరిపారట. గార్డులు తొమ్మిదింటికే గాలి తొడుగు, తాళ్లు, రిజిస్టర్లు అన్నీ కొత్త గదిలోకి మార్చేశారు. పాత గదికి తాళం వేశారు. పూజ మొదలైంది. ప్లాంటులో యంత్రాల దగ్గర ఉండక తప్పనివాళ్లు తప్ప అందరూ అక్కడే ఉన్నారు.

నేను మెట్ల మీద నిలబడి నోటుబుక్కు తెరిచాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. మూడో పని: ఆపరేటర్ పలకకు కొత్త చీటీలు. ఏడో పని: పాత గేటు లైను తీసేయాలి. ఏడో దాని పక్కన 'సోమ' అని ఉంది. దాన్ని కొట్టేసి 'ఈ రోజే' అని రాశాను. అంకె మార్చలేదు. ఒకటి, రెండు అంతకుముందే అయిపోయాయి. మూడు మొదలుపెట్టాను.

ఆపరేటర్ మేడమ్ నలభై ఏళ్ల మనిషి. భర్త బ్యాంకులో చేస్తారు, కొంపల్లి వైపు కొత్త కాలనీలో ఇల్లు. నన్ను చూడగానే మొదలుపెట్టారు.

"హోల్డ్‌లో వచ్చే ఆ సంగీతం మార్చవా బాబూ? పొద్దుట నుంచీ అదే వాయింపు. ఫోన్ చేసినవాళ్లు నన్ను తిడుతున్నారు."

"చిప్‌లో ఉంటుందండీ. మార్చడం కుదరదు."

"మరి తొమ్మిది కావాలంటే మార్చారుగా? సిద్ధాంతిగారిచేత చెప్పించనా?"

నవ్వుకుంటూ పాత చీటీలన్నీ ఒకేసారి పీకేశాను. పలక బోసిగా అయింది. కొత్త చీటీల కాగితం కత్తిరించడం మొదలుపెట్టాను. వెడల్పు మూడు మిల్లీమీటర్లు, తేడా రాకూడదు. స్కేలు పెట్టి గీతలు గీస్తున్నాను.

"ఆ చివర దీపం ఏదో కొట్టుకుంటోంది," అన్నారు మేడమ్.

చూశాను. పై నుంచి మూడో వరసలో ఒక దీపం. "ఎవరో ఎత్తుతారులెండి. గదుల మధ్య మాట్లాడుకునేది."

"ఎవరిదది?"

"చీటీలు అంటిస్తే తెలుస్తుందండీ."

దీపం ఆగిపోయింది. ఎత్తారనుకున్నాను. ఎత్తి ఉంటే నిలకడగా వెలగాలి. ఆరిపోయింది. ఒక నిమిషం మోగాక ఎవరూ ఎత్తకపోతే ఎక్స్ఛేంజి తానే ఆపేస్తుంది. ఆ నిమిషం లెక్క నేను పెట్టిందే. రెండు గీతలు గీసేసరికి అదే దీపం మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎవరో ఓపికమంతులు," అన్నారు మేడమ్. "మా ఆయనైతే మూడో గంటకే పెట్టేస్తారు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి తెగిపోయి ఉంటుంది."

"మీ ఇంట్లో కూడా ఒక పికప్ పెట్టమంటారా?"

"పెట్టు. పొయ్యి పక్కన పెట్టు."

దూరంగా పూజ గంట వినిపిస్తోంది. దీపం ఒక నిమిషం కొట్టుకుని మళ్లీ ఆరింది. మూడోసారి మొదలైంది.

అప్పుడు నా చెయ్యి ఆగింది. నాకు చీటీలు లేకపోయినా వరసలు తెలుసు. వరసకు ఎనిమిది, పై నుంచి మూడో వరస అంటే పదిహేడు నుంచి ఇరవై నాలుగు. ఎడమ నుంచి ఆరోది ఇరవై రెండు. ఇరవై రెండో లైను ఎక్కడికి పోతుంది? బాక్సులో తీగలు బిగించిన వరస కళ్ల ముందు కదిలింది. ఇరవై ఒకటి స్టోర్స్. ఇరవై మూడు ల్యాబ్. ఇరవై రెండు పాత గేటు.

తాళం వేసిన గదికి ఫోన్ ఎవరు చేస్తారు? గేటు మారిందని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఆకులు కట్టారు, పాలు పొంగిస్తున్నారు. తెలియనిది వెనక మూల ఉన్న ఇద్దరికే. పొద్దున ఆరింటికి వచ్చి నేరుగా గుంట దగ్గరకు వెళ్లే ఇద్దరికి. మేడమ్‌ను అడిగాను.

"ఈ రోజు గుంట శుభ్రం చేస్తున్నారా?"

"నెలలో మొదటి గురువారం కదా. చేస్తారు."

ఆ దీపం పక్కన మీట నొక్కి రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. మొదట జనరేటర్ల హోరు. దాని మధ్య ఊపిరి. తర్వాత పెద్దాయన గొంతు, నన్ను కాదు, ఎవరినో అడుగుతున్నట్టు.

"గేటోళ్లేనా? ఎత్తిండ్రా? అల్లుడు పల్కుతలేడు. తాడు గుంజితే బరువొస్తాంది. నేనొక్కన్ని గుంజలేకపోతున్న."

"పెద్దయ్యా, నేను. ఫోన్ల అబ్బాయిని. నువ్వు దిగొద్దు. వస్తున్నారు."

"దిగలే. దిగొద్దన్నరు గద. జల్దీ రమ్మనుండ్రి."

రిసీవర్ మేడమ్ చేతికిచ్చి కొత్త గేటు నంబరు నొక్కమన్నాను. ఆమె నొక్కారు. నేను ఆమె ముఖం చూస్తున్నాను. "మోగుతోంది," అన్నారు. మోగుతోందన్న మాటకు అర్థం ఏమీ లేదని నాకు అప్పుడు తెలిసింది. నేను పరిగెత్తాను.

రిసెప్షన్ నుంచి కొత్త గేటు దాకా రెండు వందల మీటర్లు ఉంటుంది. అక్కడ జనం వలయంగా నిలబడి ఉన్నారు. పొయ్యి మీద పాలు. బల్ల మీద కొత్త ఫోన్. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రిసీవర్ మీద నుంచి బంతిపూల దండ వేశారు. ఆ ఫోన్ మోగుతోంది. ఇద్దరు గార్డులు దాని పక్కనే నిలబడి దాన్నే చూస్తున్నారు.

"ఎత్తరేం?" అని అరిచాను.

"ఓనరు సారు మంచి గడియకు చేస్తరు సారూ," అన్నాడు ఒక గార్డు. "మొదటి ఫోన్ ఆయనదే కావాలన్నరు. వేరేది ఎత్తొద్దన్నరు."

గుంట అన్నాను. ఒక్క మాటే అన్నాను. వాళ్లు నా ముఖం చూసి గాలి తొడుగు ఉన్న పెట్టె ఎత్తుకున్నారు. ఆ వెనక పది మంది కదిలారు. పాలు పొంగి పొయ్యిలో పడ్డ వాసన వెనక నుంచి వచ్చింది.

పెద్దాయన తాడును తన నడుముకు రెండు చుట్లు చుట్టుకుని, స్తంభానికి కాళ్లు తన్నిపెట్టి కూర్చుని ఉన్నాడు. రిసీవర్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఉంది. తాడు బిగువు వదలలేదు. అందుకే అల్లుడి ముఖం బురదలో మునగలేదని తర్వాత చెప్పారు. తొడుగు వేసుకుని ఒక గార్డు దిగాడు. పైన ఆరుగురు లాగారు. మూతలోంచి ముందు తల, తర్వాత భుజాలు వచ్చాయి. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఛాతీ మీద చెయ్యి పెట్టి ఒకతను "ఉంది, ఉంది," అన్నాడు. జీపులో ఎక్కించారు.

పెద్దాయన జీపు ఎక్కబోయి ఆగాడు. నా వైపు చూశాడు. కోపం లేదు, అర్థం కాకపోవడం ఉంది.

"మోగింది సారూ. మూడుసార్లు మోగింది. నువ్వు చెప్పినట్టె ఆగిన. మోగకపోతే ఉరుకుదును. మోగవట్టె గద, వస్తున్నరనుకున్న."

ఆయన ఎక్కాడు. జీపు కొత్త గేటు గది ముందు నుంచే బయటికి వెళ్లింది.

మధ్యాహ్నం ఎక్స్ఛేంజి దగ్గరకు వెళ్లి ఇరవై రెండో లైను తీగ లాగేశాను. తీసేశాక ఆపరేటర్ ఫోన్ నుంచి 258 నొక్కి చూశాను. తప్పు నంబరు కూత వెంటనే వచ్చింది. నోటుబుక్కులో ఏడు పక్కన టిక్కు పెట్టలేదు.

రెండు రోజుల తర్వాత మేనేజర్ పిలిపించారు. గదిలో పెద్దాయన కూడా ఉన్నాడు, గోడకు ఆనుకుని. అల్లుడికి ఇంకా తెలివి రాలేదు. బల్ల మీద టైపు చేసిన కాగితం. కాపలా మనిషి సకాలంలో గేటుకు సమాచారం అందించలేదని దానిలో ఉంది. కింద వేలిముద్రకు ఖాళీ. దాని కింద ఫోన్లు సక్రమంగా పని చేస్తున్నాయని నేను సంతకం పెట్టాలి.

"పని చేస్తున్నాయి కదయ్యా?" అన్నారు మేనేజర్. "అబద్ధం రాయమనడం లేదు."

"చేస్తున్నాయండీ."

"మరి?"

"ఆయన ఫోన్ చేశారు. పాత నంబరుకు. ఆ లైను నేను తీసేయలేదు. తాళం వేసిన గదిలో మోగింది. దీపం నాకు కనబడింది. మూడు నిమిషాలు చూస్తూ కూర్చున్నాను."

"ఎవరడిగారు నిన్ను? గదుల మధ్య మాట్లాడుకున్నవి మెషీన్‌లో రికార్డవుతాయా?"

"కావండీ."

"కానప్పుడు ఎందుకు పైన వేసుకుంటావు? ఆయన ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఊరికే హెచ్చరిక. పైవాళ్లకు ఏదో ఒకటి చూపించాలి కదా. కొత్త ఫోన్ ఎత్తొద్దని చెప్పింది ఎవరని అడిగితే నేనేం చెప్పను?"

పెద్దాయన మధ్యలో కలగజేసుకున్నాడు. "ఏడ ముద్రెయ్యాలె సారూ? జెప్పుండ్రి. ఆస్పత్రికి పోవాలె."

సిరాపెట్టె తెరిచి ఉంది. ఆయన బొటనవేలు దాని మీదికి వెళుతోంది. నేను కాగితం నా వైపు లాక్కుని, ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద నా చేతి రాతతో నాలుగు వాక్యాలు రాశాను. పాత గేటు ఫోన్ మొదటిసారి, రెండోసారి, మూడోసారి మోగడం గురించి మూడు వాక్యాలు. నాలుగోది ఆ లైను తీసేయాల్సింది ఎవరో. సంతకం పెట్టాను. మేనేజర్ ఆ కాగితం తీసుకుని చదివారు. తర్వాత సొరుగులో పెట్టుకున్నారు. ఆ సొరుగులోంచి అది ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు. మరుసటి వారం ఆ ఫ్యాక్టరీకి మా సంస్థ నుంచి వేరే అతన్ని పంపారు.

ఆ రోజు బయటికొచ్చాక పెద్దాయన అడిగాడు.

"ఏం రాసినవ్?"

చెప్పాను. రింగ్ బ్యాక్ టోన్ సంగతి కూడా చెప్పాను. చెవిలో వినిపించేది అవతలి గంట కాదని. ఆయన ఎండలో నిలబడి మొత్తం విన్నాడు.

"గా మాట ముందుగాల జెప్పకపోతివి," అన్నాడు. అంతే.

ఐదో రోజున కబురు పంపాడు, అల్లుడు కళ్లు తెరిచాడని. నేను వెళ్లాను. మేడ్చల్‌లో చిన్న ఆసుపత్రి, మొదటి అంతస్తు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"లోపటికి రా బిడ్డా. నిలవడ్డవేంది?" అన్నాడు పెద్దాయన.

అల్లుడు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రంగు తిరిగి వచ్చింది. స్టీలు గిన్నెలో పెరుగన్నం తానే కలుపుకుంటున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు. "ఫోన్ల సారు," అన్నాడు, నవ్వాడు. నా గుండె తేలికైంది. బతికాడు, మాట్లాడుతున్నాడు, నవ్వాడు. అనుకున్నదానికంటే ఎంతో మేలు.

"మామా, గేటుకు ఫోన్ కొట్టినవా?" అని అడిగాడు.

"కొట్టిన అల్లుడా."

"ఎత్తిండ్రా?"

పెద్దాయన నా వైపు చూశాడు. ఈ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలని నన్ను పిలిపించాడని అర్థమైంది. మంచం పక్కన కూర్చుని చెప్పాను. పాత గది, తాళం, తీయని లైను, దీపం. ఏదీ వదలకుండా చెప్పాను. అల్లుడు శ్రద్ధగా విన్నాడు. మధ్యలో తల ఊపాడు. "అయితేంది సారూ, కావాలని జేసినవా," అన్నాడు. అతను అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. గిన్నెలోకి చూశాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూసి, అప్పుడే లోపలికి వచ్చినవాణ్ణి చూసినట్టు నవ్వాడు.

"ఫోన్ల సారు! ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు. పెద్దాయన వైపు తిరిగాడు. "మామా, గేటుకు ఫోన్ కొట్టినవా?"

"నిన్నటి సంది గిట్లనే," అన్నాడు పెద్దాయన మెల్లగా, నాకు మాత్రమే వినిపించేలా. "డాక్టరు జూద్దాం అంటాండు." తర్వాత గొంతు పెంచి, మొదటిసారి అడిగితే చెప్పినట్టే చెప్పాడు. "కొట్టిన అల్లుడా."

"ఎత్తిండ్రా?"

నేను కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను. ముహూర్తం జరిపిన దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.